కొమ్ము, జలగ, చెంబు: నల్లగొండ నుంచి అలంపురం దాకా

ఒంట్లో చేరిన చెడు నెత్తురే నొప్పికి కారణమని నమ్మి, దాన్ని కొమ్ముతోనో జలగతోనో గాజు గ్లాసుతోనో బయటికి గుంజే వైద్యం మన ప్రాంతంలో తరతరాలుగా ఉంది. ఆయుర్వేద వైద్యులకు అది రక్తమోక్షణం, యునానీ హకీములకు హిజామా, ఊళ్లో జనానికి కొమ్ము పెట్టించుకోవడం. మొదటి ఇద్దరి విద్యకు గ్రంథాలున్నాయి, వ్యాఖ్యానాలున్నాయి, కళాశాలలున్నాయి. ఊరి విద్యకు మాత్రం దాన్ని చేతిలో పట్టుకున్న మనుషులే ఆధారం, ఆ తరం ఇప్పుడు దాదాపు వెళ్లిపోయింది. వాళ్ల ఇళ్లలో ఇంకా మిగిలిన పనిముట్లను కళ్లారా చూడాలని ఈ అక్టోబరులో నల్లగొండ నుంచి అలంపురం దాకా వెళ్లి వచ్చాను. విన్నవి మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

పానగల్లు, గురువారం

నల్లగొండ బస్టాండు నుంచి పానగల్లుకు షేర్ ఆటోలో 20 రూపాయలు తీసుకున్నారు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద రోజంతా కదలకుండా నిలిచే నీడను చూశాను, పచ్చల సోమేశ్వరాలయం ప్రాంగణంలోని మ్యూజియంలో కాసేపు శిల్పాల మధ్య తిరిగాను. రెండూ తెలుగువాళ్లందరూ ఒక్కసారైనా చూడదగినవే. కానీ నేను వచ్చిన పని ఉదయ సముద్రం గట్టు మీద ఉంది.

చెరువు ఒడ్డున వలలు ఆరబెట్టుకుంటున్న ముదిరాజు పెద్దమనిషి ఒకాయన జలగల గురించి అడగగానే ప్యాంటు పైకి మడిచి పిక్క మీది పాత మచ్చలు చూపించాడు. "గుంజి పీకొద్దు సారూ, దాని మూతి తోలులనే ఉంటది, పుండు పడతది. పొగాకు నమిలి ఆ రసం వెయ్యాలె, అదే ఇడిసిపెడతది" అన్నాడు. ఆయన చిన్నప్పుడు వైద్యులు మనుషులను పంపించి ఈ చెరువులో జలగలు పట్టించుకునేవారట. పచ్చితోలు ముక్క నీళ్లలో వేసి, దానికి అంటుకున్నవాటిని కుండలోకి దులిపేవారట.

ఆ మాట విని నేను కాసేపు ఇంకేమీ అడగలేకపోయాను. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, సూత్రస్థానం అనే భాగంలోని 13వ అధ్యాయం మొత్తం జలగల గురించే. వాటిని తడి తోలుతో పట్టాలని, కొత్త కుండలో చెరువు నీళ్లూ బురదా పోసి పెంచాలని, మూడు రోజులకొకసారి నీళ్లూ మేతా, ఏడు రోజులకొకసారి కుండా మార్చాలని అందులో ఉంది. మొత్తం పన్నెండు రకాలు చెప్పి, వాటిలో ఆరు విషమున్నవని, ఆరు లేనివని విడదీశారు. పుస్తకం పేరు కూడా వినని మనిషి నోట అదే పద్ధతి పానగల్లు గట్టు మీద వినిపించింది. గ్రంథం నుంచి చెరువుకు వచ్చిందో, చెరువు నుంచి గ్రంథానికి వెళ్లిందో గానీ, ఈ జ్ఞానంలో జాలరి వాటా ఉందని మాత్రం నేను గట్టిగా నమ్ముతున్నాను. జలగ కరిచిన చోట నెత్తురు ఎందుకు గడ్డకట్టదో 1884లో జాన్ హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త పరిశోధించాడు. దాని లాలాజలంలోని ఆ పదార్థాన్నే ఇప్పుడు హిరుడిన్ అంటున్నాం. తెగిన వేళ్లను తిరిగి అతికించే శస్త్రచికిత్సల్లో, అక్కడ నిలిచిపోయిన నెత్తురును తీయడానికి నేటికీ జలగలను వాడుతున్నారు.

నల్లగొండ, గురువారం సాయంత్రం

గడియారం చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ తాగి, పక్క సందులో హిజామా చేసే హకీం గారి దవాఖానాకు వెళ్లాను. ఆ రోజు చాంద్రమాసంలో 19వ తేదీ. హిజామాకు 17, 19, 21 తేదీలు మేలని ముస్లింల సంప్రదాయం గనుక బెంచీలు నిండిపోయాయి. కూర్చున్నవాళ్లలో సగం మంది హిందువులే. చెప్పులు గుమ్మం బయటే విడవాలి, లోపలికి వెళ్లిన మనిషి ముందు అందరికీ సలాం చెప్పాలి, వరుస తప్పి ముందుకు వెళ్లకూడదు. ఇవేవీ ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటిస్తున్నారు. ఒక్కో గ్లాసుకు 60 రూపాయలు, లేనివాళ్లు ఎంత ఇస్తే అంత.

హకీం గారు యునానీలో పట్టా పుచ్చుకున్న నడివయసు మనిషి. నేను వచ్చిన పని చెప్పగానే బీరువాలోంచి వాళ్ల తాతగారి రాగి గ్లాసులు తీసి బల్ల మీద పెట్టారు. గుండ్రటి పొట్ట, వెడల్పాటి మూతి, నిమ్మకాయంత నుంచి బత్తాయంత దాకా వరుస పరిమాణాలు. దూది ఉండ వెలిగించి లోపల వేస్తే గాలి వేడెక్కి కొంత బయటికి పోతుంది. వెంటనే ఒంటి మీద బోర్లిస్తే మంట ఆరి, లోపల మిగిలిన గాలి చల్లబడి, ఒత్తిడి తగ్గి చర్మం పైకి ఉబ్బుతుంది. చర్మం కింది సన్నని నాళాలు చిట్లి నెత్తురు పరుచుకుంటుంది. ఆ గుండ్రటి మచ్చ వారం పది రోజులకు గానీ పోదు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద లోకమంతా చూసినవి ఈ మచ్చలే.

తాతగారి రాగి గ్లాసులు ఇప్పుడు వాడరు. చిన్న పంపుతో గాలి గుంజే ప్లాస్టిక్ గ్లాసులు, ఒకరికి వాడి పారేసే బ్లేడ్లు వాడుతున్నారు. పదో శతాబ్దపు కొర్డోబా వైద్యుడు అల్ జహ్రావీ తన గ్రంథంలో శస్త్రచికిత్స పరికరాల బొమ్మలు గీయించి పెట్టిన సంగతి హకీం గారు తన గురువును తలచుకున్నంత ఆప్యాయంగా చెప్పారు.

అప్పుడొక ముసలమ్మను కొడుకు చేయి పట్టుకుని లోపలికి తెచ్చాడు. మర్రిగూడ దగ్గరి పల్లె వాళ్లది. నడుము వంగిపోయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పవలసి వస్తోంది. హకీం గారు ఆమె కింది కనురెప్ప లాగి చూశారు, గోళ్లు చూశారు. "నెత్తురు తక్కువున్నది అమ్మా, నీకు గాట్లు పెట్టను. ఊరికే గ్లాసులు పెడతా, పైసలియ్యకు. పెద్దాసుపత్రిల రక్త పరీక్ష చేయించుకో" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. గ్లాసులు పెట్టించుకుని బయటికి వచ్చిన ఆమె నేను అడిగినవన్నీ వినే ఉంది. "మా ఊళ్లె మంగలి తాత ఇంట్ల కొమ్ములున్నయి బిడ్డా, రాపో" అంది. నా ప్రయాణపు దారి అలా ఖాయమైంది.

చండూరు, శుక్రవారం

పొద్దున మర్రిగూడకు వెళ్లాలని ఆటో అతనితో చెబితే నల్లగొండ అంచులోని మర్రిగూడ బైపాస్ దగ్గర దింపాడు. ఊళ్లో ఆ పేరు చెబితే ఎవరికైనా ముందు తోచేది ఆ చౌరస్తాయేనట. అక్కడి టీకొట్టు ఆమె నవ్వి, చండూరు బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి, ఎండలో నిలబడొద్దని స్టూలు వేసింది.

చండూరు ఇత్తడి, కంచు సామానుకు పేరున్న ఊరు. పాత సామాను కొనే అంగడిలో గోడ వారగా కుప్ప పోసిన ఇత్తడిలో నాకు మొదట కనిపించింది ఉగ్గుగిన్నె. దోసిలి పట్టినట్టు ఒకవైపు ముక్కు తీసిన చిన్న గిన్నె. పసిబిడ్డకు ఆముదమో, అరగదీసిన వసకొమ్ము గంధమో, పాలో పట్టడానికి వాడేది. ముక్కు అంచు ఒక పక్కన అరిగి కాగితమంత పలచనై ఉంది. తల్లి ఏ చేత్తో పట్టేదో ఆ అరుగుదలలో తెలుస్తుంది. అదే కుప్పలో మందులు నూరే చిన్న కల్వం, ముల్లు తీసే శ్రావణం, తూకపు రాళ్లు ఉన్నాయి. పాత ఇత్తడి కిలో 500 రూపాయల లెక్కన తూచి కరిగించడానికి పంపిస్తారట. "ఇది వైద్యానిదని మాకెర్క లేదు సారూ, బరువు చూస్తం అంతే" అన్నాడు అంగడి ఆయన. ఉగ్గుగిన్నె, శ్రావణం 140 రూపాయలకు ఇచ్చాడు. కల్వం ఎవరింటి నుంచి వచ్చిందని అడిగితే అతనికి గుర్తు లేదు. మన వైద్య చరిత్ర ఈ ప్రాంతంలో ఎక్కువగా ఈ దారినే కరిగిపోతోంది. పరికరం పోవడం ఒక నష్టమైతే, అది ఎవరి చేతిదో తెలియకుండా పోవడం అంతకన్నా పెద్ద నష్టం.

మర్రిగూడ వైపు, శుక్రవారం మధ్యాహ్నం

ముసలమ్మ చెప్పిన పల్లెలో నాయీబ్రాహ్మణ కుటుంబం ఇల్లు అడిగితే పిల్లలు వెంట వచ్చి చూపించారు. పెద్దాయనకు ఎనభై దాటాయి. పెళ్లిళ్లకు సన్నాయి ఊదిన మనిషి. మనుమడికి రోడ్డు మీద సెలూన్ ఉంది. నేను వచ్చిన పని విని ఆయన ముందు అన్నం తినమన్నారు. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు. కోడలు రెండో రొట్టె వేస్తుంటే చాలన్నా వినలేదు. తిన్నాక ఆయన చేతులు కడుక్కుని, దేవుడి గూట్లోంచి తోలు పొది తీసి చాప మీద విప్పారు. మంగలికత్తి, ఆకురాయి, గోరుగల్లు, వాటి కింద గుడ్డలో చుట్టిన రెండు కొమ్ములు.

నా చేతికి ఇచ్చిన కొమ్ము జానెడు కన్నా కొంచెం తక్కువ. వెడల్పాటి మూతి అంచును గాజు పెంకుతో గీకి, నూనె రాసి, ఒంటికి ఎక్కడా సందు లేకుండా అతుక్కునేలా నున్న చేశారు. కొసను కోసి రంధ్రం చేశారు. లోపలి గోడ నల్లగా పెంకు కట్టినట్టుంది. కొస దగ్గర చుట్టూరా పళ్ల గాట్లు. వేలితో తడిమితే పై పళ్లవి లోతుగా, కింది పళ్లవి తేలికగా తెలుస్తున్నాయి. "అవి మా నాయిన పండ్లు" అన్నారు పెద్దాయన.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. నొప్పి ఉన్న చోట తడి చేసి, కొమ్ము బోర్లించి, కొసను నోట పట్టి గాలి గుంజాలి. నోట్లో ముందే పెట్టుకున్న మైనం ముద్దను నాలుకతో తోసి రంధ్రం మూయాలి. చర్మం ఉబ్బాక తీసి, అక్కడ కత్తితో వెంట్రుకంత లోతు గాట్లు పెట్టి, మళ్లీ కొమ్ము పెట్టి గుంజాలి. నిండాక తీసి పసుపు అద్దాలి. సంతనాడు ఇంటి ముందు మంది కూర్చునేవారట. డబ్బు తీసుకునేది లేదు. పంటల కాలంలో కల్లం దగ్గర మేర కింద వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేవారు.

ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ రెండు రకాల గ్లాసులను వర్ణించాడు, ఒకటి కంచుది, మరొకటి కొమ్ముది. కంచుదానిలో వత్తి వెలిగించి బోర్లించాలని, కొమ్ముదాన్ని నోటితో గుంజి కొసను మైనంతో మూయాలని రాశాడు. సుశ్రుతుడు కూడా వాతదోషానికి ఆవుకొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి లోపల దీపం పెట్టిన ఆనపబుర్ర అని మూడింటినీ విభజించి చెప్పాడు. రోము నుంచి మర్రిగూడ దాకా ఒకే పనిముట్టు ఒకే తీరున ఉండడం నన్ను కదిలించింది. అంతకన్నా ఎక్కువ కదిలించినది ఇంకొకటి ఉంది. సెల్సస్ పేరు, సుశ్రుతుడి పేరు మనకు తెలుసు. తన పళ్లతో ఈ కొమ్మును పట్టి ముప్పై ఊళ్ల నొప్పిని గుంజిన మనిషి పేరు ఆ పొది దాటి బయట ఎక్కడా లేదు. ఆయన భార్య మంత్రసాని అట. ఆ ఊళ్లో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. ఆమె పేరూ లేదు.

అయితే ఆ పల్లెలో నొప్పికి అసలు కారణం నెత్తురులో లేదు, నీళ్లలో ఉంది. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుని, కీళ్ల చుట్టూ ఉండే బంధనాలు గట్టిపడి, వెన్ను వంగని కర్ర అవుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలో మొదట గుర్తించారు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. ఎముకలో కూర్చున్నదాన్ని ఏ కొమ్మూ గుంజలేదు. కొమ్ము పెట్టించుకున్నాక రెండు రోజులు హాయిగా ఉండేదని ఊళ్లో చెప్పినవాళ్లను నేను అబద్ధమనను. గ్లాసులు పెట్టించుకుంటే మెడ, నడుము నొప్పులకు కొంత ఉపశమనం ఉండవచ్చని కొన్ని పరిశోధనలు చెప్పినా వాటి నాణ్యత తక్కువే. నోటితో నెత్తురు గుంజడం, ఒకే కత్తి అందరికీ వాడడం మాత్రం కామెర్ల వంటి జబ్బులను ఇంటింటికీ చేర్చే పని. పెద్దాయన కూడా అందుకే మానేశానన్నారు. "మా నాయినకు ఎర్క లేకుండె, నాకు డాక్టరమ్మ చెప్పింది" అన్న ఆ మాటలో ఆయనకు సంకోచమేమీ లేదు.

కొమ్ములు కొంటానని నేను అడగలేదు. కొలతలు తీసుకుని, నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఆయన చెప్పినదంతా ఆయన మాటల్లోనే రాసుకున్నాను. మనుమడు సెలూన్ మూసి వచ్చి పక్కన కూర్చుని విన్నాడు. ఇవన్నీ తాను ఇప్పుడే వింటున్నానన్నాడు.

మహబూబ్‌నగర్, శనివారం

జడ్చర్ల దాకా దారి పొడవునా సీతాఫలాల బుట్టలే. బుట్ట 150 చెప్పి 100కు ఇచ్చారు. కొన్నాక ఆ అమ్మ ఇంకో రెండు పండ్లు మీద వేసింది, కొసరు వేయకుండా పంపడం పాలమూరులో మర్యాద కాదు.

మహబూబ్‌నగర్‌లో ఒక విశ్రాంత కంపౌండరు గారి ఇంట్లో పాత ఆసుపత్రి సామాను ఉందని తెలిసి వెళ్లాను. అటక మీది రేకు పెట్టెలో గాజు సిరంజిలు, మాత్రలు చుట్టే పింగాణి పలక, వాటి మధ్య నేను ఎన్నాళ్లుగానో బొమ్మల్లోనే చూసిన స్కారిఫికేటర్, అంటే నెత్తురు తీయడానికి చర్మం మీద గాట్లు పెట్టే పరికరం, ఉన్నాయి. అరచేతిలో ఇమిడే ఎనిమిది మూలల ఇత్తడి పెట్టె. పైన ఒక మీట, పక్కన ఒక గుబ్బ, అడుగున సన్నని చీలికలు. మీట వెనక్కి లాగితే లోపలి స్ప్రింగు బిగుస్తుంది. గుబ్బ నొక్కితే చీలికల్లోంచి పన్నెండు చిన్న బ్లేడ్లు ఒక్కసారిగా తిరిగి లోపలికి వెళ్లిపోతాయి. గాటు ఎంత లోతు పడాలో పైనున్న మరతో సరిచూసుకోవచ్చు. యూరప్‌లో 18వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఈ పెట్టె, రోగి భయపడేలోపే పని ముగించేది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో గ్లాసులు పెట్టి నెత్తురు తీయడమే వృత్తిగా బతికినవాళ్లున్నారు. వాళ్లలో థామస్ మేపుల్సన్ 1813లో ఈ విద్య మీద పుస్తకం రాశాడు.

ఆ పెట్టెను బ్లేడ్ల సందుల్లోకి చూస్తూ తిప్పితే, అది ఎందుకు మూలపడిందో ఎవరూ చెప్పనక్కరలేదు. స్ప్రింగు, పళ్ల చక్రాలు, బ్లేడ్లు అన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, నెత్తురు లోపలికి వెళ్తే పూర్తిగా కడగడం సాధ్యం కాదు. 1835లో పారిస్ వైద్యుడు పియర్ లూయీ న్యుమోనియా రోగుల లెక్కలు వేసి, నెత్తురు తీయడం వల్ల అనుకున్నంత మేలు లేదని చూపించాడు. 1867లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించాడు. ఆ తరువాత ఇలాంటి పెట్టెలకు చోటు లేకుండా పోయింది. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాలలో చదువు చాలాకాలం ఉర్దూలోనే సాగింది. అక్కడ చదివి జిల్లాలకు వచ్చినవాళ్లు ఒక చేత్తో కొత్త వైద్యం, ఇంకో చేత్తో ఊరి కొమ్ము రెండూ చూసి ఉంటారు.

కంపౌండరు గారి భార్య తైదంబలి, మామిడికాయ తొక్కు పెట్టి, "ఆ కత్తుల డబ్బా ఇంట్ల వద్దని ఎన్నిసార్లు చెప్పిన్నో" అన్నారు. ఆయన మాత్రం దాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టారు.

అలంపురం, ఆదివారం

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, అలంపురం చౌరస్తాలో దిగి, ఊళ్లోకి ఆటోలో వెళ్లాను. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి, ఆ పక్కనే షా అలీ దర్గా. గుడి నుంచి వచ్చినవాళ్లు దర్గాలోకి, దర్గా నుంచి వచ్చినవాళ్లు గుడిలోకి వెళ్లడం ఇక్కడ మామూలు. దర్గా అరుగు మీద కడుపునొప్పి పిల్లవాడికి తాయెత్తు కట్టిస్తున్న తల్లితో మాట కలిపితే, వాళ్లత్త చెంబు పెడుతుందని ఇంటికి పిలిచింది.

ఆ అత్తమ్మ చూపించినది మామూలు ఇత్తడి చెంబే, అయితే లోపల అంతా మసి. గోధుమపిండి ముద్ద బొడ్డు మీద పెట్టి, అందులో వత్తి గుచ్చి వెలిగించి, పైన చెంబు బోర్లిస్తుంది. వత్తి ఆరి చెంబు కడుపును పట్టుకుంటుంది. కాసేపటికి అంచు పక్కన వేలితో నొక్కితే గాలి దూరి వదిలేస్తుంది. సుశ్రుతుడి ఆనపబుర్రలో వెలిగే దీపమే ఇది. గాటు లేదు, నెత్తురు లేదు. మనుమడికి పెట్టబోతుంటే, జ్వరంతో కూడిన కడుపునొప్పికి ఇది పెట్టకూడదని, అపెండిక్స్ అయితే ప్రమాదమని నేను చెప్పాను. ఆమె నా మాట తీసిపారేయలేదు. "జరముంటే నేను గూడ పెట్టను నాయినా, దవాఖానకే తోలుత" అంది. పిల్లవాడి నొసలు తాకి చూసి, కోడలితో కర్నూలు తీసుకుపొమ్మంది.

ఆమె వయసు, ఊరు, చెంబు కొలతలు, ఎవరి దగ్గర నేర్చుకుందో రాసుకున్నాను. నేర్పింది వాళ్లమ్మ. అమ్మ పేరు అడిగితే ఇన్నాళ్లకు అడిగినవాళ్లు నువ్వే అంది.

ఇంటికి వచ్చాక ఈ ఫోటోలు, కొలతలు, రాతప్రతులు హైదరాబాదు గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థకు ఇవ్వడానికి సర్దుతున్నాను. మీ ఇంట్లో కొమ్మో, పాత గ్లాసో, ఉగ్గుగిన్నో, కల్వమో ఉంటే చింతపండు పెట్టి తోమకండి, లోపలి మరకలు గీకకండి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, పాత నూలుగుడ్డలో చుట్టి, దాన్ని వాడిన మనిషి పేరు, ఊరు, దేనికి వాడేవారో ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. పేరు ఎవరికీ గుర్తు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారమే అడగండి.